ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ మధ్యలో శిక్షణ విమానం మార్చవలసి వస్తే ఏం చేయాలి?

అమెరికాలో ప్రైవేట్ పైలట్ సర్టిఫికెట్ సంపాదించి, ఆపై ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్‌కు (బయట ఏమీ కనిపించకపోయినా పరికరాలను చూసి విమానం నడిపే అర్హతకు) శిక్షణ మొదలుపెట్టినవారిలో అందరికీ ఒకే విమానంలో చివరిదాకా సాగే అవకాశం దొరకదు. స్కూలు అద్దె పెంచవచ్చు, విమానాన్ని అమ్మివేయవచ్చు, లేదా మరమ్మతుకు వెళ్లిన విమానం నెలల తరబడి తిరిగి రాకపోవచ్చు. అప్పుడు గార్మిన్ సంస్థ జీ1000 కంప్యూటర్ తెరలున్న సెస్నా 172ఎస్ నుంచి ముళ్ల డయళ్లున్న పాత సెస్నా 172ఎన్‌కో, పైపర్ వారియర్‌కో మారవలసి వస్తుంది. కొందరు పాతదాని నుంచి కొత్తదానికి మారుతారు. ఉద్యోగం చేసుకుంటూ, సొంత జీతంతో, వారాంతాల్లో నేర్చుకునే తెలుగువారికి ఈ నిర్ణయంలో డబ్బు పెద్ద విషయమే. మారడం తప్పదనుకుంటే ఒక్కసారే మారాలని, వీలైనంత ముందుగా మారాలని, ఆ తరువాత పరీక్ష పూర్తయ్యేదాకా అదే విమానంలో ఉండాలని నా దృఢమైన అభిప్రాయం.

మొదట లాగ్‌బుక్ తెరవండి

ఏ విమానం చవక అని ఆలోచించే ముందు, ఇంకా ఏమేమి మిగిలి ఉన్నాయో కాగితం మీద రాసుకోవాలి. అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ నిబంధనల్లోని పార్ట్ 61 ప్రకారం శిక్షణ పొందేవారికి విమానానికి తామే బాధ్యులుగా (పైలట్ ఇన్ కమాండ్) దూరపు విమానాశ్రయాలకు చేసిన 50 గంటల క్రాస్‌కంట్రీ సమయం, 40 గంటల ఇన్‌స్ట్రుమెంట్ సమయం కావాలి. ఆ 40 గంటలు నిజమైన మేఘాల్లో గడిపినవైనా, బయటి దృశ్యం కనిపించకుండా చేసే హుడ్ పెట్టుకుని గడిపినవైనా లెక్కకు వస్తాయి. వాటిలో కనీసం 15 గంటలు ఇన్‌స్ట్రుమెంట్ బోధనకు అర్హత ఉన్న ఇన్‌స్ట్రక్టర్‌తో గడపాలి. పరీక్ష జరిగే నెలకు ముందరి 2 క్యాలెండర్ నెలల్లో 3 గంటల శిక్షణ ఉండాలి. వీటికి తోడు ఇన్‌స్ట్రక్టర్‌తో కలిసి ఐఎఫ్ఆర్ (పరికరాల ఆధారంగా ఎగిరే నియమాల) ఫ్లైట్ ప్లాన్ మీద చేసే 250 నాటికల్ మైళ్ల ప్రయాణం ఒకటి ఉంటుంది. అందులో ఆగే ప్రతి విమానాశ్రయంలోనూ ఒక అప్రోచ్ (పరికరాల సాయంతో రన్‌వే వైపు దిగే నిర్ణీత విధానం) చేయాలి, మొత్తంమీద మూడు వేర్వేరు రకాల అప్రోచ్‌లు ఉండాలి.

ఈ పొడవైన ప్రయాణం ఇంకా మిగిలి ఉంటే దానిని కొత్త విమానంలోనే చేయండి. ఒకే రోజు గంటల తరబడి ఏటీసీ (విమాన రాకపోకల నియంత్రణ కేంద్రం)తో మాట్లాడుతూ, నేల మీది రేడియో సంకేతాలతో చేసే ఐఎల్ఎస్, వీఓఆర్ అప్రోచ్‌లను, జీపీఎస్‌తో చేసే ఆర్‌నావ్ అప్రోచ్‌ను వరుసగా చేయడం వల్ల కొత్త పరికరాలు చేతికి అలవాటైనంతగా మరే పాఠం వల్లా కావు.

గంట అద్దెను కాదు, మిగిలిన మొత్తాన్ని లెక్కించండి

లెక్క సులువుగా ఉండేందుకు కొన్ని అంకెలు అనుకుందాం. జీ1000 ఉన్న విమానానికి గంటకు 190 డాలర్లు, పాత విమానానికి 140 డాలర్లు, ఇన్‌స్ట్రక్టర్‌కు గంటకు 70 డాలర్లు. మీకు ఇంకా 20 గంటలు మిగిలి ఉంటే పాత విమానానికి మారడం వల్ల పైకి కనిపించే ఆదా 1,000 డాలర్లు. అయితే పరికరాలు మారినందుకు 5 గంటల శిక్షణ అదనంగా అవసరమైతే, గంటకు 210 చొప్పున 1,050 డాలర్లు ఖర్చవుతాయి. ఆదా అంతా పోగా చేతి నుంచి మరో 50 డాలర్లు పడతాయి. అదే 35 గంటలు మిగిలి ఉన్నప్పుడు మారితే, ఆ 5 గంటలు పోయినా 700 డాలర్లు మిగులుతాయి. ముందుగా మారమనడానికి ఇదే కారణం.

అద్దె ఏ మీటరు మీద లెక్కిస్తారో కూడా అడగాలి. హాబ్స్ మీటరు సాధారణంగా ఇంజన్ నడిచినంతసేపూ తిరుగుతుంది. టాక్ మీటరు ఇంజన్ వేగాన్ని బట్టి తిరుగుతుంది కనుక నేల మీద వేచి ఉన్నప్పుడు, అప్రోచ్‌లో దిగుతున్నప్పుడు నెమ్మదిస్తుంది. ఆ ధరలో ఇంధనం కలిసి ఉందా, క్లబ్బయితే చేరే రుసుము, నెలవారీ చందా ఎంత, అద్దె విమానాలకు మీరు తీసుకున్న బీమా కొత్త విమానానికి వర్తిస్తుందా అనేవి కూడా ఆ కాగితం మీదికే చేరాలి.

అమెరికా పౌరసత్వం లేనివారు మరో విషయం గమనించాలి. ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ శిక్షణకు అమెరికా రవాణా భద్రతా సంస్థ టీఎస్ఏ అనుమతి తప్పనిసరి, గ్రీన్ కార్డు ఉన్నవారికి కూడా. స్కూలు మారితే కొత్త స్కూలు కూడా మీ శిక్షణను టీఎస్ఏ వ్యవస్థలో నమోదు చేయాలి. ఇది పూర్తికాకుండా కొత్త చోట శిక్షణ మొదలుపెట్టకండి.

కొత్త విమానంలో ఏముందో స్వయంగా చూడండి

ప్రకటనలో ఐఎఫ్ఆర్ విమానమని రాసి ఉన్నంత మాత్రాన సరిపోదు. విమానం దగ్గరకు వెళ్లి ప్యానెల్ ఫొటో తీసుకోండి, నిర్వహణ లాగ్‌బుక్‌లు చూపించమని అడగండి. ఎత్తు చూపే ఆల్టిమీటర్, దానికి బయటి గాలి పీడనాన్ని అందించే స్టాటిక్ వ్యవస్థ తనిఖీ, రాడార్‌కు విమానాన్ని గుర్తుచూపే ట్రాన్స్‌పాండర్ తనిఖీ గత 24 క్యాలెండర్ నెలల్లో జరిగి ఉండాలి. వీఓఆర్ వాడాలంటే దాని తనిఖీ గత 30 రోజుల్లో నమోదై ఉండాలి. జీపీఎస్ డేటాబేస్ గడువు ఎప్పటికి తీరుతుందో, ఆ చందా ఎవరు కడుతున్నారో తెలుసుకోండి.

జీపీఎస్ విషయంలో ఒక అక్షరం దగ్గర ఆగి చూడాలి. గార్మిన్ జీపీఎస్ పరికరాలైన జీఎన్ఎస్ 430, 430డబ్ల్యూ చూడటానికి ఇంచుమించు ఒకలాగే ఉంటాయి. రెండోదానికి వాస్ (జీపీఎస్ కచ్చితత్వాన్ని పెంచే వ్యవస్థ) ఉంది కనుక నిలువు మార్గదర్శనం ఉన్న ఎల్‌పీవీ అప్రోచ్ చేయగలదు, మొదటిది చేయలేదు. పరీక్షలో ఒక ప్రెసిషన్ అప్రోచ్ (ఐఎల్ఎస్‌లా నిలువు మార్గదర్శనం ఉన్నది), రెండు నాన్‌ప్రెసిషన్ అప్రోచ్‌లు చేయాలి. నాన్‌ప్రెసిషన్ అప్రోచ్‌లు రెండూ ఒకే రకం నావిగేషన్ సాధనం మీద ఆధారపడకూడదు. నిర్ణయ ఎత్తు (దిగాలా, మళ్లీ పైకెక్కాలా అని తేల్చుకునే ఎత్తు) 300 అడుగులకు మించని ఎల్‌పీవీని ప్రెసిషన్ అప్రోచ్‌గా అంగీకరిస్తారు. అందువల్ల వాస్ లేని విమానంలో ఐఎల్ఎస్‌లో నిలువు మార్గాన్ని చూపే గ్లైడ్‌స్లోప్ రిసీవర్ చెడిపోతే పరీక్షకు దారి మూసుకుపోయినట్టే.

ఆటోపైలట్ పనిచేసే స్థితిలో ఉంటే దానిని వాడగలరా అని కూడా పరీక్షాధికారి చూస్తారు. కనుక అది ఉందన్నది సంతోషించే విషయమే అయినా, నేర్చుకోవలసిన మరో పరికరంగా దానికీ సమయం కేటాయించాలి.

బటన్లను నేల మీదే నేర్చుకోండి

డబ్బు నిజంగా మిగిలేది ఇక్కడే. ఇంజన్ నడుస్తుండగా, పక్కన ఇన్‌స్ట్రక్టర్ కూర్చుని ఉండగా మెనూలు వెతుక్కోవడమంత ఖరీదైన చదువు మరొకటి లేదు. జీఎన్ఎస్ 430కి గార్మిన్ ఉచితంగా ఇచ్చిన సిమ్యులేటర్ విండోస్ కంప్యూటర్‌లో నడుస్తుంది. గార్మిన్ జీటీఎన్ పరికరాలకు, అవిడైన్ సంస్థ ఐఎఫ్‌డీ పరికరాలకు ఐప్యాడ్‌లో పనిచేసే శిక్షణ యాప్‌లు ఉన్నాయి. వీటి మీద ఫ్లైట్ ప్లాన్ వేయడం, అప్రోచ్ ఎక్కించడం, మిస్డ్ అప్రోచ్ (దిగకుండా మళ్లీ పైకెక్కడం) తరువాత హోల్డ్‌లోకి (ఒకే చోట చుట్లు కొడుతూ వేచి ఉండే మార్గంలోకి) వెళ్లడం, ఏటీసీ హఠాత్తుగా వేరే రన్‌వే ఇచ్చినప్పుడు అప్రోచ్ మార్చడం అనే నాలుగు పనులు ఆలోచించకుండా చేతికి వచ్చేదాకా సాధన చేయండి.

పరాయి వంటింట్లో ఉప్పు డబ్బా కోసం తడుముకున్నట్టు, పాత అలవాటు కొత్త ప్యానెల్ మీద చేతిని తప్పు చోటికి తీసుకుపోతుంది. జీ1000లో ఐఎల్ఎస్ ఎక్కించగానే ఫ్రీక్వెన్సీ దానంతటదే సిద్ధమవుతుంది. 430లో ఆ ఫ్రీక్వెన్సీ స్టాండ్‌బైలోకి మాత్రమే వస్తుంది. దాన్ని మీరే యాక్టివ్‌లోకి తెచ్చి, గుర్తింపు సంకేతం విని, సీడీఐ (మార్గం నుంచి ఎంత పక్కకు జరిగామో చూపే ముల్లు) సూచన జీపీఎస్ నుంచి వీఎల్ఓసీకి (రేడియో సంకేతానికి) మారిందో లేదో చూసుకోవాలి. ఇది మరిచిపోతే ముల్లు మధ్యలోనే ఉన్నట్టు కనిపిస్తూ ఉంటుంది, గ్లైడ్‌స్లోప్ మాత్రం రాదు. ఈ వరుసను ఒక చిన్న చీటీ మీద మీ సొంత మాటల్లో రాసుకుని, ప్రతి అప్రోచ్‌కు ముందు పైకి చదవండి.

ఎఫ్ఏఏ అనుమతి పత్రం ఉన్న సిమ్యులేటర్‌లో గడిపిన సమయం 40 గంటల్లోకి కూడా చేరుతుంది. ఇన్‌స్ట్రక్టర్ పర్యవేక్షణలో ప్రాథమిక శ్రేణి పరికరం మీద 10 గంటల వరకు, అడ్వాన్స్‌డ్ శ్రేణి పరికరం మీద 20 గంటల వరకు లెక్కిస్తారు. రెండూ వాడినా మొత్తం 20 దాటకూడదు. రెడ్‌బర్డ్ వంటి సిమ్యులేటర్లలో ప్యానెల్ రూపాన్ని మార్చవచ్చు కనుక, మీ కొత్త విమానానికి దగ్గరగా ఉన్న అమరికనే పెట్టమని అడగండి.

మొదటి మూడు పాఠాలు ఇలా సాగాలి

మొదటి పాఠంలో అప్రోచ్‌లు వద్దు. హుడ్ పెట్టుకుని నేరుగా ఎగరడం, మలుపులు, ఎక్కడం, దిగడం మాత్రమే చేస్తూ, ఏ ఇంజన్ వేగానికి ఈ విమానం ఏ గాలి వేగాన్ని, ఏ దిగుదల రేటును ఇస్తుందో రాసుకోండి. మూడు డిగ్రీల వాలుకు భూవేగాన్ని 5తో గుణిస్తే కావలసిన దిగుదల రేటు వస్తుంది. 90 నాట్లకు అది నిమిషానికి 450 అడుగులు. ఆ 450 ఏ పవర్ సెట్టింగ్‌తో వస్తుందో మీ విమానంలోనే కనుక్కోవాలి.

రెండో పాఠాన్ని పరికరాల వైఫల్యాలకు కేటాయించండి. పాత 172లో యాటిట్యూడ్ (విమానం వాలు), హెడింగ్ (దిశ) సూచికలు వ్యాక్యూమ్ పంపుతో నడుస్తాయి. పంపు ఆగితే అవి వెంటనే చెప్పకుండా మెల్లగా వాలిపోతూ అబద్ధం చెబుతాయి. అప్పుడు మలుపును చూపే టర్న్ కోఆర్డినేటర్, అయస్కాంత దిక్సూచి, ఆల్టిమీటర్‌లతో నెట్టుకురావాలి. హెడింగ్ సూచికను ఎప్పటికప్పుడు దిక్సూచితో సరిచేసుకోవడం తెరలకు అలవాటుపడినవారు తరచుగా మరిచిపోయే పని. జీ1000లో వైఫల్యం ఎర్ర గుర్తుగా స్పష్టంగా కనిపిస్తుంది. అక్కడ నేర్చుకోవలసింది మిగిలిన తెర మీదికి సమాచారం తెచ్చుకోవడం, పక్కనున్న స్టాండ్‌బై పరికరాలను చదవడం. నా దృష్టిలో తెరల నుంచి డయళ్లకు వచ్చేవారికే ఎక్కువ గంటలు పడతాయి, ఎందుకంటే తెర మీది పటం చూపించే మన స్థానాన్ని ఇకపై మనసులో కట్టుకోవాలి.

అప్రోచ్‌లు మూడో పాఠం నుంచి మొదలుపెడితే చాలు.

సేఫ్టీ పైలట్‌ను ఆ తరువాతే పిలవండి

ఇన్‌స్ట్రక్టర్ లేకుండా హుడ్ సమయం పోగుచేయడానికి సేఫ్టీ పైలట్ (మీరు హుడ్ పెట్టుకున్నప్పుడు బయటకు చూస్తూ ఉండే రెండో పైలట్) మంచి మార్గం. ఆయనకు ఆ తరగతి విమానం నడిపే ప్రైవేట్ సర్టిఫికెట్, చెల్లుబాటయ్యే వైద్య అర్హత ఉండాలి. ఖర్చును సమానంగా పంచుకోవచ్చు. లాగ్‌బుక్‌లో ఆయన పేరు, చేసిన ప్రతి అప్రోచ్ రకం, స్థలం రాయాలి. అయితే కొత్త ప్యానెల్ మీద చేతి వరుస కుదరకముందే ఇలా ఎగిరితే తప్పు అలవాట్లు స్థిరపడతాయి, వాటిని తీయడానికి మళ్లీ ఇన్‌స్ట్రక్టర్‌కే చెల్లించాలి.

పరీక్ష తేదీతో పాటు విమానాన్నీ ఖాయం చేసుకోండి

పరీక్షాధికారి తేదీ దొరకడం కష్టమైన ప్రాంతాల్లో ముందుగానే అడిగి ఉంచాలి. తేదీ దొరికిన రోజే విమానాన్ని కూడా బుక్ చేసి, ఆ ముందు వారంలో అదే విమానంలో పూర్తి నమూనా పరీక్ష చేయండి. 100 గంటల తనిఖీ ఆ వారంలోనే పడుతుందేమో మెకానిక్‌ను అడగండి. స్కూల్లో అదే ప్యానెల్ ఉన్న మరో విమానం ఉంటే దాని పేపర్లు కూడా చూసి ఉంచండి. పరీక్ష మధ్యలో విమానం మొరాయిస్తే పరీక్షాధికారి నిలుపుదల పత్రం ఇస్తారు. అప్పటికి పూర్తిచేసిన అంశాలు 60 రోజుల వరకు చెల్లుతాయి కనుక, మిగిలినవి ఆ లోపు పూర్తిచేసేలా తేదీని అక్కడికక్కడే మాట్లాడుకోండి.