టాక్సిన్ బైండర్ కలుపుతున్నా గుడ్లు ఎందుకు తగ్గుతున్నాయి?

వానాకాలం మొక్కజొన్న మార్కెట్‌కి రావడం మొదలైందంటే లేయర్ (గుడ్ల కోళ్ల) రైతులకు టెన్షన్ పట్టుకుంటుంది. గింజలో తడి, వెనకే బూజు. "బైండర్ కలుపుతూనే ఉన్నానండీ, అయినా గుడ్లు పడిపోయాయి" అనే మాట ఆ నెలల్లో ఎంతమంది దగ్గర విన్నానో. బైండర్ పని ఒక్కటే: మేతలోని బూజు విషాన్ని కోడి పేగులో పట్టుకుని రెట్టతో బయటికి పంపడం. అయితే అన్ని విషాలూ దానికి ఒకేలా చిక్కవు. అందుకే బస్తా కొనే ముందు కోడిని చూడండి.

గుడ్లు తగ్గాయి, సైజు చిన్నదైంది, టీకాలు వేసినా రోగాలు ఆగడం లేదు

చనిపోయిన నాలుగైదు కోళ్లను కోయించి కార్జం చూడండి. మంచి కార్జం ముదురు ఎరుపులో, అంచు పలచగా ఉంటుంది. విషం తిన్న కోడిలో ఉబ్బి, పసుపు తిరిగి, అంచులు మొద్దుబారతాయి. బొటనవేలితో నొక్కితే మెత్తగా చితికిపోతుంది. తొడల మీద, రెక్కల కింద కమిలిన మచ్చలు కూడా ఉంటే అఫ్లాటాక్సిన్ అనే బూజు విషాన్ని గట్టిగా అనుమానించాలి, ఎందుకంటే అది రక్తం గడ్డకట్టే గుణాన్ని దెబ్బతీస్తుంది. ఒక్క కోడిని చూసి తేల్చేయొద్దు. గుడ్లు పెట్టే కోడికి కొవ్వు చేరినా కార్జం పసుపుగానే కనిపిస్తుంది.

ఈ విషం ఎక్కువగా మొక్కజొన్న, వేరుశనగ చెక్కల్లో వస్తుంది. 1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోళ్లు చనిపోతే, కారణం బ్రెజిల్ నుంచి తెచ్చిన వేరుశనగ చెక్క అని తేలింది. అఫ్లాటాక్సిన్ సంగతి లోకానికి అలా తెలిసింది. కోళ్ల కంటే బాతులు దీన్ని అసలు తట్టుకోలేవు. రెండూ పెంచేవాళ్లు అనుమానం ఉన్న మేతను బాతుల దరిదాపులకు రానీయకూడదు.

మట్టి రకం బైండర్లు బాగా పనిచేసేది ఇక్కడే. బెంటోనైట్, హెచ్‌ఎస్‌సీఏఎస్ లాంటివి అఫ్లాటాక్సిన్‌ని గట్టిగా పట్టుకుంటాయి. ఉత్త మట్టి రకమైతే టన్ను మేతకు 2 నుంచి 5 కిలోలు, కంపెనీ మిశ్రమమైతే బస్తా మీద రాసినంత. ఎక్కువ వేస్తే ఎక్కువ మేలు అనుకోవద్దు. టైలోసిన్ లాంటి యాంటీబయాటిక్ మందు మేతలో ఇస్తున్నప్పుడు బెంటోనైట్ దాన్ని కూడా పట్టేసుకుంటుంది, మందు పని చేయదు. కార్జం కోలుకోవడానికి కోలిన్, మెథియోనిన్, విటమిన్ ఇ, సెలీనియం తోడుగా ఇస్తారు. మోతాదు డాక్టర్‌ని అడగండి.

మేత ముట్టడం లేదు, నోట్లో పుండ్లు

ముక్కు విప్పి నాలుక అంచులు, అంగిలి, నోటి మూలలు చూడండి. పసుపు తెలుపు పొక్కులు కట్టి ఉంటే టీ-2 టాక్సిన్ అనే మరో బూజు విషం కావచ్చు. మసూచి, విటమిన్ ఎ లోపం కూడా ఇలాగే కనిపిస్తాయి కాబట్టి డాక్టర్‌కి చూపించండి. టీ-2కి మట్టి బైండర్ మీద ఆశ పెట్టుకోవద్దు, దాదాపు పట్టుకోదు. ఈస్ట్ కణ గోడలు, ఎంజైములు ఉన్న రకాలు కొంత ఆదుకుంటాయి. అసలు మందు మాత్రం ఆ మేత తీసేయడమే.

రెట్ట నీళ్లలా, లిట్టర్ (నేల మీద పరిచే పొట్టు) తడి, కోసి చూస్తే లోపల సుద్దలాంటి తెల్లటి పొర

మూత్రపిండాలు ఉబ్బి పాలిపోతే ఓక్రాటాక్సిన్ అనే బూజు విషం కావచ్చు. కానీ ముందు నిపుల్స్‌లో నీళ్లు వస్తున్నాయా, కోడిపిల్లలకు పొరపాటున లేయర్ మేత పడిందా చూసుకోండి. నీళ్లు చాలకపోయినా, సున్నం ఎక్కువైనా, ఐబీ (ఇన్ఫెక్షియస్ బ్రాంకైటిస్ అనే వైరస్ రోగం) సోకినా ఇదే లక్షణం.

లోడు పరీక్షలో బాగానే ఉంది, అయినా రోగం

ఇది మా షెడ్డులోనే జరిగింది. మేత బిన్ పైకప్పులో చిన్న సందు, రెండు రోజుల వాన. కర్రతో లోపలి గోడ తడితే అరచేయంత చెక్కలు రాలాయి. పచ్చటి బూజు, ముక్కిపోయిన వాసన, చేతికి వెచ్చగా తగిలింది. మేము బైండర్ మార్చి మార్చి చూస్తున్న ఆ మూడు వారాలూ కొత్త మేత దాని మీద నుంచే జారుతోంది. అప్పటి నుంచి ప్రతి లోడుకి ముందు బిన్ ఖాళీ చేసి గోకిస్తాం.

గింజలో తేమ 13 శాతం దాటకుండా చూసుకోండి. కాల్షియం ప్రొపియోనేట్ కొత్త బూజు రాకుండా ఆపుతుంది, అప్పటికే చేరిన విషాన్ని తీయలేదు. ఎండబెట్టినా, పెల్లెట్ కొట్టించినా ఆ విషం పోదు. ఇథనాల్ ఫ్యాక్టరీల నుంచి వచ్చే డీడీజీఎస్ (ఇథనాల్ తీశాక మిగిలిన ఎండు గింజ పిప్పి) వాడేవాళ్లు ఇంకా జాగ్రత్త పడాలి, గింజలో ఉన్న విషం అందులో సుమారు మూడింతలు చిక్కబడుతుంది.

పరీక్షకు పంపేటప్పుడు ఒక్క బస్తాలోంచి గుప్పెడు తీస్తే లాభం లేదు. బూజు లోడంతా సమానంగా పాకదు. పది పదిహేను చోట్ల తీసి, కలిపి, అందులోంచి కిలో పంపండి. అఫ్లాటాక్సిన్ బీ1 రకం 20 పీపీబీ (కిలో మేతకు 20 మైక్రోగ్రాములు) దాటితే ఆ మేత కోళ్లకు పెట్టకూడదు.

తీసేసిన మేతను చాలామంది గేదెలకు వేస్తారు, దయచేసి వేయొద్దు. అఫ్లాటాక్సిన్ ఎం1 అనే రూపంలోకి మారి పాలలోకి దిగుతుంది, ఆ పాలు మన పిల్లలే తాగుతారు. దూరంగా గొయ్యి తీసి పూడ్చేయండి.