పర్లాకిమిడిలో ఎగిరింది, కోరాపుట్‌లో ఎగరలేదు: విద్యార్థుల విమాన ప్రాజెక్టుల్లో సమస్యలు, పరిష్కారాలు

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, కోరాపుట్ వైపు ఇంజనీరింగ్ చదివే మన పిల్లలు ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, క్లాసులో ఇంగ్లిషు మాట్లాడతారు. ఫైనల్ ఇయర్ వచ్చేసరికి వాళ్లలో కొందరు విమానం మీద పడతారు. రిమోట్‌తో ఎగిరే మోడల్ కొందరిదైతే, చిన్న విండ్ టన్నెల్ (మోడల్ మీదుగా గాలి పారించి పరీక్షించే సొరంగం) ఇంకొందరిది. నేను కొన్నేళ్లుగా ఇలాంటి ప్రాజెక్టులకు తోడు ఉంటున్నాను. ఎగరనప్పుడు అందరూ మొదట చేసే పని డిజైన్ మార్చడం. నా అనుభవంలో డిజైన్ తప్పు తక్కువ. కట్టిన విమానాన్ని తూచకపోవడం, అది ఎగరబోయే గాలిని కొలవకపోవడం, ఈ రెండే ఎక్కువ. కింద రాసినవన్నీ ఆ దృష్టితో చూడండి.

సమస్య: కింద బాగా ఎగిరిన విమానం కొండమీద నేల వదలడం లేదు

మా జట్టు మోడల్ బరువు 1.8 కిలోలు. రెక్క పొడవు ఒకటిన్నర మీటర్లు, వెడల్పు 24 సెంటీమీటర్లు. పర్లాకిమిడి మైదానంలో చక్కగా లేచేది. అదే విమానాన్ని మే నెలలో మధ్యాహ్నం పూట కోరాపుట్ తీసుకెళ్తే, గడ్డి మీద పరిగెత్తి పరిగెత్తి చివర కంచె దగ్గర ఆగిపోయింది. పిల్లలు వెంటనే మోటారు పాడైందన్నారు. మోటారుకు ఏమీ కాలేదు.

కారణం గాలి సాంద్రత. కోరాపుట్ సముద్రమట్టానికి దాదాపు 870 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడ గాలి పీడనం సుమారు 913 హెక్టోపాస్కల్స్. 35 డిగ్రీల ఎండలో సాంద్రత ఘనపు మీటరుకు 1.03 కిలోలకు పడిపోతుంది. పుస్తకంలో ఉండేది 1.225. పర్లాకిమిడిలో ఒక మామూలు రోజున 1.14 దాకా ఉంటుంది. మా విమానం నిలబడి ఎగరడానికి కావలసిన కనీస వేగం పర్లాకిమిడిలో సెకనుకు 8.5 మీటర్లయితే, కోరాపుట్ ఎండలో 8.9. తేడా చిన్నదే అనిపిస్తుంది. కానీ పలచని గాలిలో ప్రొపెల్లర్ ముందుకు తోసే బలం కూడా అదే దామాషాలో తగ్గుతుంది. రెండూ కలిసి నేల మీద పరుగు ఐదో వంతు పైనే పెరుగుతుంది. గడ్డి ఎత్తుగా ఉంటే ఇంకా ఎక్కువ.

లెక్క తేలిక. పీడనాన్ని పాస్కల్స్‌లో తీసుకుని, దాన్ని 287తోనూ, ఉష్ణోగ్రతకు 273 కలిపిన అంకెతోనూ భాగించండి. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి, ఎందుకంటే దాదాపు ప్రతి జట్టూ ఇక్కడే పడుతుంది. ఫోన్‌లో వాతావరణం యాప్ చూపించే పీడనం సముద్రమట్టానికి సరిచేసిన అంకె. కోరాపుట్‌లో నిలబడి చూసినా అది 1010 దగ్గరే ఉంటుంది. ఆ అంకె వేస్తే సాంద్రత పదకొండు శాతం ఎక్కువ వస్తుంది. ఫోన్‌లోని బారోమీటర్ సెన్సర్ నేరుగా చూపించే అంకె గానీ, ఇరవై ముప్పై మీటర్ల తేడాతో మీ ఎత్తు తెలిస్తే దాన్నుంచి లెక్కగట్టిన అంకె గానీ వాడండి.

పరిష్కారాల్లో అన్నిటికంటే చవకైనది పొద్దున్నే లేవడం. చలికాలంలో కోరాపుట్‌లో తెల్లవారి 12 డిగ్రీలుంటే సాంద్రత 1.12కి వస్తుంది, అంటే దాదాపు పర్లాకిమిడి గాలే. గాలి వీచడం కూడా ఆ వేళకు తక్కువ. మంచు విడేదాకా మాత్రం ఆగాలి, విమానం కంటికి కనిపించాలి కదా. రెండోది బరువు తగ్గించడం. మూడోది ప్రొపెల్లర్ వ్యాసం ఒక అంగుళం పెంచడం. పెంచాక వాట్‌మీటర్ పెట్టి మోటారు ఎంత కరెంటు లాగుతుందో చూడకుండా ఎగరేయవద్దు.

ఎగరేసే ముందు మరో పని ఉంది. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం ప్రభుత్వ డ్రోన్ వెబ్‌సైట్ డిజిటల్ స్కై మ్యాపులో ఆకుపచ్చ రంగున్న చోట 400 అడుగుల దాకా ముందస్తు అనుమతి అక్కర్లేదు. ఎరుపు, పసుపు జోన్ల సంగతి వేరు. మన వైపు సునాబెడలో మిగ్, సుఖోయ్ విమానాల ఇంజన్లు తయారుచేసే హెచ్‌ఏఎల్ కర్మాగారం ఉంది, గోపాలపురంలో సైన్యం ఉంది. కాబట్టి ఎగరేసే రోజు పొద్దున మ్యాపు తెరిచి చూడండి.

సమస్య: లేచిన వెంటనే ముక్కు పైకెత్తి, ఆగి, కింద పడుతోంది

ఎలివేటర్ (తోకలో పైకీ కిందికీ కదిలే పలక) ఎక్కువైందనుకుని ట్రిమ్ (దాని సర్దుబాటు) మారుస్తారు. ముందు సీజీ, అంటే విమానం బరువంతా తూగే గురుత్వ కేంద్రం, చూడండి. రెక్క ముందు అంచు నుంచి వెడల్పులో 25 నుంచి 30 శాతం మధ్య ఉండాలి. మా రెక్కకైతే 6 నుంచి 7.2 సెంటీమీటర్లు. బ్యాటరీ, పేలోడ్ (విమానం మోసే సరుకు) అన్నీ బిగించాక అక్కడ రెండు వేళ్ల మీద పెట్టి చూడండి. తోక దిగితే కారణం దొరికినట్టే.

సీజీ ఒకటిన్నర సెంటీమీటర్లు ముందుకు రావాలంటే 180 గ్రాముల బ్యాటరీని 15 సెంటీమీటర్లు ముందుకు జరపాలి. అంత చోటు లేక పిల్లలు ముక్కులో సీసం పెడతారు. అంతకంటే తోకలో జిగురు తగ్గించడం మంచిది. తోక దూరంగా ఉంటుంది గనక అక్కడ తీసేసిన పది గ్రాములు ముక్కులో పెట్టే ముప్పై గ్రాములకు సమానం కావచ్చు. పేలోడ్‌ను సరిగ్గా సీజీ కిందే పెట్టండి. అప్పుడు బరువు మారినా విమానం నడక మారదు.

సమస్య: మలుపులో రెక్క మధ్యలో విరిగింది

కార్బన్ గొట్టాలు ఖరీదని మన వైపు చాలామంది వెదురు వాడతారు. రాయగడ కొండల్లో వెదురుకు కొదవ లేదు, నాకు ఆ ఎంపిక నచ్చుతుంది కూడా. విరిగిన రెక్కను ఒకసారి బుట్టలల్లే మేదర తాత దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన విరిగిన బద్దను గోటితో గీరి, "చెక్కు తీసేశారేంట్రా బాబూ, బలమంతా అందులోనే కదా" అన్నాడు. నిజమే. వెదురులో నార బయటి పొరలో దట్టంగా ఉంటుంది, లోపలికి వెళ్లేకొద్దీ పలచబడుతుంది. మావాళ్లు నున్నగా కనిపించాలని బయటి పొరే చిత్రిక పట్టేశారు.

ఎగిరేటప్పుడు రెక్క పైకి వంగుతుంది. అందువల్ల కింది స్పార్ (రెక్క పొడవునా ఉండే బద్ద) సాగుతుంది, పైది నొక్కుకుంటుంది. వెదురు సాగదీతకు బాగా నిలుస్తుంది, నొక్కుడుకు అంతగా నిలవదు. కాబట్టి పై బద్దను కాస్త మందంగా పెట్టి, రెండిటికీ చెక్కు వైపు బయటికి ఉంచండి. కణుపు రెక్క మధ్యలోకి రాకుండా చూసుకోండి.

అయినా విరుగుతుంటే ఇంకో లోపం వెతకాలి. పై స్పార్‌కూ కింది స్పార్‌కూ మధ్య నిలువుగా పలచని బల్స (తేలిక చెక్క) రేకు అంటించారా? దాన్ని షియర్ వెబ్ అంటారు. అది లేకపోతే రెండు బద్దలూ వేటికవే వంగుతాయి, కలిసి ఒక దూలంలా పనిచేయవు. రేకు నార నిలువుగా ఉండాలి. రెక్క మొదటి మూడో వంతుకు వేసినా ఎంతో తేడా వస్తుంది. బరువు పది పదిహేను గ్రాములు మించదు.

వానాకాలంలో బల్స, వెదురు తేమ పీల్చి బరువెక్కుతాయి. జూలైలో తూచిన అంకెను జనవరిలో వాడకండి.

సమస్య: సర్వోలు (రెక్క, తోక పలకలను కదిపే చిన్న మోటార్లు) వణుకుతున్నాయి, మధ్యలో రిసీవర్ ఆగి మళ్లీ మొదలవుతోంది

ఇఎస్‌సిలో (మోటారు వేగాన్ని అదుపు చేసే పరికరం) ఉండే చవక రకం బీఈసీ (రిసీవర్‌కు, సర్వోలకు వోల్టేజీ తగ్గించి ఇచ్చే సర్క్యూట్) మిగతా వోల్టేజీనంతా వేడిగా మార్చేస్తుంది. 12 వోల్టుల బ్యాటరీ నుంచి 5 వోల్టులకు దించుతూ ఒక ఆంపియర్ ఇస్తే 7 వాట్లు వేడి. నాలుగు సర్వోలు ఒకేసారి తిరిగితే అది చేతులెత్తేస్తుంది. విడిగా 5 వోల్టుల, 3 ఆంపియర్ల స్విచింగ్ బీఈసీ పెట్టండి. పెట్టాక ఇఎస్‌సి నుంచి రిసీవర్‌కు వచ్చే ఎర్ర తీగను తీసేయడం మరిచిపోవద్దు.

సమస్య: విండ్ టన్నెల్‌లో రీడింగు నిలబడడం లేదు

సెకనుకు 15 మీటర్ల గాలికి పిటాట్ గొట్టం (గాలి వేగం కొలిచేది) ఇచ్చే పీడనం 128 పాస్కల్స్, అంటే నీటి మట్టంలో 13 మిల్లీమీటర్లు. ఒక్క మిల్లీమీటరు తప్పు చదివితే పీడనంలో 8 శాతం, వేగంలో 4 శాతం తేడా. నీళ్లున్న నిలువు గొట్టంతో (మానోమీటర్) దీన్ని చదవడం కష్టం. గొట్టాన్ని వాలుగా, పదికి ఒకటి ఎత్తులో పడుకోబెట్టండి. అదే 13 మిల్లీమీటర్లు 130 అవుతాయి. నీటిలో చుక్క సిరా, చుక్క సబ్బు నీళ్లు వేస్తే మట్టం గాజుకు అంటుకోకుండా కదులుతుంది.

ఆ మట్టం పైకీ కిందికీ ఊగుతుంటే గాలే అదురుతోందని అర్థం. లోపలి గోడకు చిన్న దారం ముక్కలు అంటించి చూడండి. మేం చూసినప్పుడు మోడల్ ఉంచే టెస్ట్ సెక్షన్‌లో దారాలు తిన్నగా ఉన్నాయి. ఫ్యాన్ వైపు వెడల్పయ్యే డిఫ్యూజర్‌లో మాత్రం ఒకవైపు దారాలు వెనక్కి తిరిగి ఎదురు కొట్టుకుంటున్నాయి. 30 సెంటీమీటర్ల నుంచి 45కు వెడల్పు పెంచడానికి పిల్లలు 60 సెంటీమీటర్ల పొడవే ఇచ్చారు. ఒక్కో వైపు కోణం 7 డిగ్రీలు దాటింది. అది మూడున్నర దగ్గర ఉంటే గాలి గోడను వదలదు. పొడవును 123 సెంటీమీటర్లకు పెంచాం. గదిలో చోటు చాలక ఫ్యాన్ చివరను వరండాలోకి తీసుకెళ్లాం. ఊగుడు చాలావరకు తగ్గింది.

మూతి దగ్గర కూల్‌డ్రింక్ స్ట్రాలతో హనీకోంబ్ (గాలిని తిన్నగా చేసే, తేనెపట్టులాంటి జాలీ) కట్టండి. 6 మిల్లీమీటర్ల స్ట్రా అయితే ముక్క పొడవు 4, 5 సెంటీమీటర్లు. మూతికి ఎదురుగా గోడ దగ్గరగా ఉండకూడదు, గదిలో సీలింగ్ ఫ్యాన్ ఆపేయాలి. సాయంత్రం వోల్టేజీ తగ్గితే ఫ్యాన్ వేగమూ తగ్గుతుంది. అందుకే పొద్దున ఒకసారి కొలిచిన వేగాన్ని రోజంతా వాడకుండా, ప్రతి రీడింగు పక్కన అప్పటి మానోమీటర్ అంకె రాయండి.

సమస్య: సాఫ్ట్‌వేర్ చూపిన లిఫ్ట్ (పైకెత్తే బలం) రావడం లేదు

సాఫ్ట్‌వేర్‌లో సాంద్రత, స్నిగ్ధత (గాలి జిగట) ఎంత పెట్టారో ముందు చూడండి. ముందే నింపి ఉన్న అంకెలు సముద్రమట్టం గాలివి. మా రెక్కకు సెకనుకు 12 మీటర్ల వేగంలో రెనాల్డ్స్ సంఖ్య (వేగం, రెక్క వెడల్పు, సాంద్రత, స్నిగ్ధత కలిపి లెక్కగట్టే అంకె) సముద్రమట్టంలో 1,97,000 వస్తే, కోరాపుట్ ఎండలో 1,57,000. ఈ శ్రేణిలో రెక్క మీది గాలి పొర కొద్ది తేడాకే ముందుగా ఊడిపోతుంది.

అంకెలు సరిచేశాక కూడా తేడా మిగిలితే రెక్క మీద చెయ్యి వేసి నిమరండి. మా రెక్కలో ముందు అంచు నుంచి నాలుగు వేళ్ల దూరంలో కవరింగ్ ఫిల్మ్ ముడత పడి ఉంది, రెండు రిబ్బుల (రెక్కకు ఆకారమిచ్చే అడ్డ పలకలు) మధ్య గుంట కూడా చేతికి తగిలింది. ఇస్త్రీపెట్టె తక్కువ వేడిలో పెట్టి ఫిల్మ్ మళ్లీ బిగించాం. రిబ్బుల మధ్య ముందు భాగంలో అర రిబ్బులు చేర్చాం. ఆ తర్వాతే మళ్లీ టన్నెల్‌లో పెట్టాం.