బెంగళూరులో అద్దె భారం ఎలా తగ్గించుకున్నాను – నా అనుభవం

విజయవాడ నుంచి బెంగళూరు వచ్చాక, అద్దె అనుకున్నంతే ఉన్నా నెలాఖరుకు చేతిలో ఏమీ మిగిలేది కాదు. బ్రోకరును మార్చడం, అద్దె తగ్గించమని బతిమాలడం, ఊరి చివరికి మారడం ఫలించలేదు.

పనిచేసిన పద్ధతి ఇది. తరువాతి ఇంటికి అడ్వాన్సు ఇవ్వకముందే, కింది వాటాలో ఉంటున్నవారిని అడిగి వేసవి నెలల మెయింటెనెన్సు రసీదులు చూశాను. ఏప్రిల్ రసీదులో నీళ్ల ట్యాంకరు పద్దే అన్నిటికంటే పెద్దది. దాన్ని అద్దెకు కలిపి లెక్కవేసుకున్న తరువాతే యజమానితో మాట్లాడి, ఖాళీ చేసేటప్పుడు ఇంటికి రంగులు వేయించే ఖర్చు కింద అడ్వాన్సులోంచి ఒక నెల అద్దెకు మించి మినహాయించరాదనీ, మిగతా అడ్వాన్సు తాళాలు అప్పగించిన రోజే తిరిగి ఇవ్వాలనీ 11 నెలల అగ్రిమెంటులో రాయించాను.

కుళాయిల్లో కావేరీ నీరు సక్రమంగా వచ్చే పేటల్లో ట్యాంకరు లెక్క అంతగా అక్కరకు రాకపోవచ్చు. యజమానులందరూ ఈ షరతులకు ఒప్పుకుంటారనీ చెప్పలేను.