బెజవాడ ఎండకు తగ్గట్టు ఆర్‌సీ టూరింగ్ కారు షాక్‌లు, సస్పెన్షన్ సరిచేసుకునే విధానం

అసలు కారులో పదో వంతు పరిమాణంలో ఉండి రిమోట్‌తో నడిచే (ఆర్‌సీ) ఎలక్ట్రిక్ టూరింగ్ కార్లకు కంపెనీలు ఇచ్చే సెటప్ షీట్లు, అంటే సర్దుబాటు కొలతల పట్టికలు, చాలావరకు చల్లటి దేశాల్లో, నున్నటి తారు ట్రాక్ మీదో కార్పెట్ మీదో నడిపి రాసినవి. మన విజయవాడలో మే నెలలో గాలి వేడే 42 డిగ్రీలు దాటే రోజులుంటాయి. మధ్యాహ్నం మూడింటికి కాంక్రీటు నేల 55 డిగ్రీలు దాటడం మామూలే. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని పెద్దలు ఊరికే అనలేదు. ఆ షీట్‌లోని అంకెలను ఉన్నవి ఉన్నట్టుగా దించుకుంటే కారు మూలమలుపుల్లో ఊగిపోతుంది, వెనుక చక్రాలు పట్టు వదులుతాయి, తప్పు ఎక్కడుందో తెలియక మనం టైర్ల మీద డబ్బు తగలేస్తాం. అందుకని అంకెల కన్నా ముందు, అవి ఏ పరిస్థితికి రాసినవో గ్రహించడం అవసరం.

అన్నిటికన్నా ముందు కావలసింది చదునైన బల్ల. మన ఇళ్లలో వంటగట్టుకు వాడే చీమకుర్తి గ్రానైట్‌లో పాలిష్ పట్టిన ముక్క ఒకటి, కారు కన్నా కాస్త పెద్దది, రాళ్ల దుకాణంలో కోసి ఇమ్మంటే ఇస్తారు. దాని మీద స్టీలు స్కేలును అంచున నిలబెట్టి అటూ ఇటూ తిప్పి, కింద వెలుతురు కనబడని ముక్కనే ఎంచుకోండి. డ్రూప్, అంటే సస్పెన్షన్ ఆర్మ్ కిందికి వాలే మేర, కొలవడానికి ఒకే ఎత్తున్న రెండు అల్యూమినియం దిమ్మెలు కావాలి, 10 మి.మీ. ఎత్తుకు తిప్పి ఇమ్మని ఆటోనగర్‌లో ఏ లేత్ పనివారిని అడిగినా చేసిపెడతారు. వీటికి తోడు వెర్నియర్ కాలిపర్ ఒకటి ఉంటే చాలు. రంగురంగుల అల్యూమినియం విడిభాగాలకు పెట్టే డబ్బు ముందుగా ఈ మూడింటికి పెట్టడం మేలని నా గట్టి అభిప్రాయం.

షాక్‌లను విప్పి పక్కన పెట్టి, యాంటీ రోల్ బార్లను (మలుపులో కారు పక్కకు ఒరగకుండా ఆపే కడ్డీలను) కూడా ఊడదీసి, ఒక్కో సస్పెన్షన్ ఆర్మ్‌ను చేత్తో పైకెత్తి వదలండి. అది తన బరువుతో తానే, ఎక్కడా ఆగకుండా కిందికి వాలాలి. మధ్యలో ఆగితే హింజ్ పిన్ (ఆర్మ్ తిరిగే ఇరుసు కడ్డీ) వంగి ఉండవచ్చు, ఆర్మ్ రంధ్రంలో కాంక్రీటు ధూళి చేరి ఉండవచ్చు, లేదా బాల్ కప్పు (గుండు కీలు మీద కూర్చునే ప్లాస్టిక్ గిన్నె) మరీ బిగుతుగా ఉండవచ్చు. ఈ పట్టు తీరకుండా ఏ ఆయిల్ పోసినా, ఏ స్ప్రింగ్ మార్చినా ఫలితం ఉండదు. తరువాత పై డెక్ స్క్రూలను కొద్దిగా వదులు చేసి, షాసీని (కారు అడుగు పలకను) రాయి మీద అదిమిపట్టి, ఎదురెదురు మూలల స్క్రూలను ఒకటి విడిచి ఒకటిగా మళ్లీ బిగించండి. ఢీకొన్న కారు షాసీ మెలితిరిగి ఉంటే చాలాసార్లు దీనితోనే సర్దుకుంటుంది. ఎడమకు బాగా తిరిగి కుడికి తిరగని కారును నా దగ్గరకు ఎవరైనా తెస్తే నేను మొదట చూసేది ఇదే.

ఇక షాక్ సంగతి. దీనికి తొందర పనికిరాదు. టమియా టీటీ-02 వంటి ప్రారంభ కిట్‌తో వచ్చే మామూలు డ్యాంపర్లలో (షాక్‌లలో) ఆయిల్ ఉండదు, కాబట్టి పోటీకి దిగే ముందు ఆయిల్ షాక్‌లు వేసుకోవాలి. షాక్‌ను పూర్తిగా విప్పి, షాఫ్ట్‌ను వెలుతురుకు ఎదురుగా తిప్పుతూ చూడండి. గోటికి తగిలేంత గీత ఉన్నా అది ఓ-రింగ్‌ను కోస్తుంది, ఆయిల్ కారుతుంది. ఓ-రింగ్‌కు సిలికాన్ గ్రీజు పలచగా రాసి బిగించి, షాఫ్ట్‌ను పూర్తిగా బయటికి లాగి, సిలిండర్‌ను నిలువుగా పెట్టి అంచు దాకా ఆయిల్ పోయండి. పిస్టన్ ఆయిల్ పైకి తేలకుండా, నెమ్మదిగా పైకీ కిందికీ ఆడిస్తే రంధ్రాల్లో చిక్కుకున్న గాలి చిన్న చిన్న బుడగలుగా పైకి వస్తుంది. పది నిమిషాలు కదపకుండా వదిలేయండి. బుడగలు ఆగాక తగ్గిన మేరకు ఆయిల్ నింపి, డయాఫ్రం (మూత కింది రబ్బరు పొర) పెట్టి, ఎక్కువైన ఆయిల్ పక్కకు కారిపోయేలా మూత నెమ్మదిగా బిగించండి.

ఇప్పుడు షాఫ్ట్‌ను పూర్తిగా లోపలికి నొక్కి వదలండి. అది ఎంత మేరకు తిరిగి బయటికి వస్తుందో వెర్నియర్‌తో కొలవండి. ఆ కొలత ఎంత ఉండాలన్నది కొంతవరకు నడిపేవారి ఇష్టం, కానీ కుడి ఎడమ షాక్‌లు రెండూ ఒకే కొలత ఇవ్వాలి. షాక్‌ను చెవి దగ్గర పెట్టుకుని నొక్కినప్పుడు కరకరమన్నట్టు వినిపిస్తే లోపల ఇంకా గాలి ఉన్నట్టే. మూత తీసి మళ్లీ మొదలుపెట్టాలి. రెండింటి పొడవునూ, కొక్కెం నుంచి కొక్కెం దాకా, సమానం చేయండి.

ఆయిల్ కొనేటప్పుడు చిక్కదనాన్ని సెంటీస్టోక్‌లలో చెప్పే అంకె ఉన్న సీసానే కొనండి. వెయిట్ అని ముద్రించిన అంకెలు కంపెనీ కంపెనీకీ మారతాయి, వాటిని పోల్చలేం. సిలికాన్ ఆయిల్ మామూలు నూనెల కన్నా వేడికి తక్కువగా పలచబడినా, 25 డిగ్రీల నుంచి 50 డిగ్రీలకు చేరేసరికి దాని చిక్కదనంలో మూడో వంతుకు పైగా పోతుంది. అంటే షీట్‌లో 350 అని ఉంటే, మే నెల ఎండలో షాక్ వేడెక్కాక అది 230 ఆయిల్‌లా పనిచేస్తుంది. కనుక మధ్యాహ్నపు పోటీకి 500 దగ్గర మొదలుపెట్టండి. పొద్దుగూకాక 34, 35 డిగ్రీలకు దిగినప్పుడు 425 లేదా 450 సరిపోతుంది; డిసెంబరు ఉదయాల్లో షీట్ అంకెనే వాడవచ్చు. వీలైతే రెండు జతల షాక్‌లు సిద్ధంగా ఉంచుకుని, మూతల మీద ఆయిల్ అంకె రాసుకోండి. పరుగుకూ పరుగుకూ మధ్య కారును చెట్టు నీడలో ఉంచండి. నల్లటి నేల మీద ఎండలో వదిలిన కారు మొదటి ల్యాప్‌కే పలచటి ఆయిల్‌తో బయలుదేరుతుంది.

పిస్టన్ రంధ్రాల విషయాన్ని చాలామంది పట్టించుకోరు, మన నేలల మీద మాత్రం అది పెద్ద విషయం. చిన్న రంధ్రాలతో పలచటి ఆయిల్, పెద్ద రంధ్రాలతో చిక్కటి ఆయిల్, చేత్తో నెమ్మదిగా నొక్కితే రెండూ ఒకేలా అనిపిస్తాయి. కానీ పార్కింగ్ స్థలాల్లోని కాంక్రీటు పలకల అతుకు మీదుగా కారు వేగంగా దాటినప్పుడు పిస్టన్ ఒక్కసారిగా కదలాలి. చిన్న రంధ్రాల్లోంచి ఆయిల్ అంత వేగంగా పోలేక షాక్ కర్రలా బిగుసుకుని చక్రాన్ని గాలిలోకి ఎగరేస్తుంది. అతుకులున్న చోట పెద్ద రంధ్రాల పిస్టన్, చిక్కటి ఆయిల్ వాడటమే మంచిది.

షాక్‌లు బిగించాక బ్యాటరీ సహా కారును రాయి మీద పెట్టి, రెండుసార్లు కిందికి నొక్కి వదిలి రైడ్ హైట్, అంటే నేల నుంచి షాసీ ఎత్తు, కొలవండి. నున్నటి తారు మీద 5 నుంచి 5.5 మి.మీ., అతుకులున్న కాంక్రీటు మీద 6 దాకా ఉంచవచ్చు. స్ప్రింగ్ కాలర్ తిప్పితే మారేది ఈ ఎత్తే గాని స్ప్రింగ్ గట్టిదనం కాదు. అది మార్చాలంటే స్ప్రింగే మార్చాలి. తరువాత దిమ్మెల మీద షాసీని ఉంచి, చక్రాలు తీసి, డ్రూప్ స్క్రూలతో ఆర్మ్‌లు కిందికి వాలే మేరను కుడి ఎడమ సమానం చేయండి. రైడ్ హైట్ నుంచి షాసీని పైకెత్తితే చక్రం నేల వదిలే లోపు ముందు 2 మి.మీ., వెనుక 2.5 నుంచి 3 మి.మీ. లేచేలా మొదలుపెట్టండి. వెనుక డ్రూప్ పెంచితే బ్రేకు వేసినప్పుడు బరువు ముందుకు ఎక్కువగా వాలి మలుపులోకి కారు చక్కగా తిరుగుతుంది. ముందు డ్రూప్ తగ్గిస్తే థ్రాటిల్ ఇచ్చినప్పుడు ముక్కు లేవకుండా ఉంటుంది.

క్యాంబర్ (చక్రం పై అంచు వాలు) 1.5 నుంచి 2 డిగ్రీలు లోపలికి, వెనుక టో-ఇన్ (చక్రాల ముందు అంచులు లోపలికి తిరిగి ఉండే కోణం) 3 డిగ్రీలు పెట్టి, ఒక పరుగు అయ్యాక టైరు ముఖం చూడండి. లోపలి అంచు ఎక్కువగా అరిగితే అర డిగ్రీ తగ్గించండి. ఎండాకాలం 36 అంకె ఉన్న గట్టి టైర్లు 32 అంకె ఉన్న మెత్తటి వాటికన్నా ఎక్కువసేపు నిలుస్తాయి.

ఇక ట్రాక్ మీద, ఒక పరుగుకు ఒక్క మార్పే చేయండి, ఛార్జి చేసిన బ్యాటరీతో, ఆగకుండా నడిపిన ల్యాప్‌ల సగటు చూసి నిర్ణయించండి. ఒక్క మంచి ల్యాప్‌ను నమ్మవద్దు. మలుపులో కారు తిరగకుండా ముందుకు తోసుకుపోతుంటే ముందు స్ప్రింగ్ ఒక మెట్టు మెత్తబరచండి, లేదా ముందు యాంటీ రోల్ బార్ సన్నది వేయండి. వెనుక భాగం జారుతుంటే అదే పని వెనుక చేయండి. సాయంత్రం నేల మీద రబ్బరు పేరుకుని పట్టు పెరిగి, మలుపు మధ్యలో కారు బోల్తా కొడుతుంటే, ముందుగా రైడ్ హైట్ అర మి.మీ. దించండి, అదీ చాలకపోతే స్ప్రింగ్‌లు నాలుగూ ఒక మెట్టు గట్టివి వేయండి. ఆయిల్‌ను మాత్రం అప్పుడే తాకవద్దు. ఆ బోల్తా పట్టు వల్ల వస్తున్నది, చిక్కదనం వల్ల కాదు.