ఫీడ్‌బ్యాక్ ఇస్తే బెడిసికొడుతోందా? ఎక్కడ తేడా వచ్చిందో ఇలా చూసుకోండి

మంచికే చెప్పాం కదా, పని బాగుపడాలి. కానీ 1996లో క్లూగర్, డెనిసి అనే పరిశోధకులు అప్పటిదాకా వచ్చిన 600కి పైగా ఫలితాలను ఒకచోట పెట్టి చూస్తే, సగటున మేలు కనిపించినా, మూడో వంతుకు పైగా సందర్భాల్లో ఫీడ్‌బ్యాక్ తర్వాత పనితీరు తగ్గింది. కాబట్టి మీ మాట ఎక్కకపోతే అవతలివాళ్లని తప్పుపట్టే ముందు ఇవి చూడండి.

సమస్య: చెప్పగానే ముడుచుకుపోతున్నారు, లేదా వాదనకు దిగుతున్నారు

కారణం: మాట పని మీద నుంచి మనిషి మీదికి జారింది. అలా జారితే వాళ్ల ధ్యాస తప్పు దిద్దుకోవడం మీద ఉండదు, పరువు కాపాడుకోవడం మీదే ఉంటుంది. పైగా మనం ఆలస్యమైతే పరిస్థితులు కారణం, వాళ్లు ఆలస్యమైతే బద్ధకం కారణం అనుకోవడం మనందరికీ ఉన్న అలవాటే.

నేనూ చేశాను ఈ పని. నాతో పనిచేసే అమ్మాయి ఇచ్చిన రిపోర్టులో మొత్తాలు కలవలేదు, "ఇంత కేర్‌లెస్‌గా చేస్తే ఎలా అమ్మా" అన్నాను. తను కాగితాల అంచులు సర్దుకుంటూ "సరేనండి" అంది, అంతే. ఆ తర్వాత రెండు వారాలు సగంలో ఉన్న పని ఏదీ నాకు చూపించలేదు. తీరా చూస్తే తనకి అందిన ఫైలే పాతది. "అడక్కుండా అనేశాను, తప్పు నాదే" అని చెప్పాకే మళ్లీ డ్రాఫ్టులు తెచ్చి చూపించడం మొదలుపెట్టింది.

పరిష్కారం: "మూడో పేజీలో మొత్తం, పట్టికలో మొత్తం వేరుగా ఉన్నాయి, ఏమైంది?" అని అడగండి. అడిగాక ఆగండి. జవాబు వినకుండా సలహా మొదలుపెడితే అడిగిన ప్రయోజనమే పోతుంది. నలుగురిలో మాత్రం వద్దు.

సమస్య: తలూపారు, మళ్లీ అదే తప్పు

కారణం: మీరు చెప్పింది వాళ్లకి అందలేదు. 1990లో ఎలిజబెత్ న్యూటన్ అనే పరిశోధకురాలు కొందరిని తెలిసిన పాటల దరువు బల్ల మీద వేళ్లతో కొట్టమంది. వినేవాళ్లలో సగంమంది పాట గుర్తుపడతారని కొట్టినవాళ్లు అనుకున్నారు, తీరా 120 పాటల్లో గుర్తుపట్టింది మూడే! కొట్టేవాళ్ల తలలో పాట మొత్తం మోగుతోంది, వినేవాళ్లకి టకటక శబ్దమే. "ఇంకొంచెం క్లియర్‌గా రాయి" అన్న మాట కూడా అంతే.

పరిష్కారం: ఒక్క వాక్యం తీసుకుని పక్కన కూర్చుని కలిసి మార్చండి. చివర్లో "అర్థమైందా?" అనకండి, ఎవరైనా అవుననే అంటారు. "ముందు ఏది మారుస్తావు?" అనండి.

సమస్య: చెప్పాలనే ఉంది, నోరు రావట్లేదు

కారణం: చేదు మాట మోసుకెళ్లడం ఎవరికీ ఇష్టం ఉండదు, 1970లోనే రోసెన్, టెస్సర్ దీన్ని ప్రయోగాల్లో చూపించారు. వాళ్లు బాధపడతారని ఆగుతున్నాం అనుకుంటాం కానీ చాలావరకు అది మన టెన్షనే. వాళ్లకి తెలుసుకోవాలని ఎంత ఉందో కూడా మనం తక్కువ అంచనా వేస్తాం.

పరిష్కారం: ఆ తప్పు మీదైతే మీకు తెలియాలనుకుంటారా? అవునంటే ఇవాళే చెప్పండి, ఆరు నెలలు పోగేసి ఒకేసారి కుమ్మరించకండి.

సమస్య: పొగిడినా కొత్త పనికి జంకుతున్నారు

కారణం: "నువ్వు తెలివైనదానివి" అనే పొగడ్త. 1998లో ముల్లర్, డ్వెక్ ప్రయోగాల్లో తెలివిని మెచ్చుకున్న పిల్లలు, ఓసారి ఓడిపోయాక, కష్టాన్ని మెచ్చుకున్న పిల్లలకంటే తొందరగా వెనకడుగు వేశారు.

పరిష్కారం: చేసిన పనిని పేరుపెట్టి మెచ్చుకోండి: "రెండోసారి లెక్క సరిచూశావు, అందుకే ఆ తేడా దొరికింది."