విశాఖను ఒక్కరోజులో చూడాలంటే

పొద్దున్నే సింహాచలం వెళ్లండి. ఏడాది పొడవునా చందనం పూతలోనే ఉండే స్వామి నిజరూపం అక్షయ తృతీయ నాడే కనిపిస్తుంది. ఆ రోజు జనం విపరీతం, ఊరు చూసే పని పెట్టుకోవద్దు.

అక్కణ్ణుంచి భీమిలి దారిలో తొట్లకొండ బౌద్ధారామం. నీడ తక్కువ, నీళ్లు దగ్గరుంచుకోండి. తిరుగుదారిలో రుషికొండ, కైలాసగిరి తగులుతాయి.

ఆర్కే బీచ్‌లో మ్యూజియంగా మార్చిన కురుసుర జలాంతర్గామిని సాయంత్రానికి ఉంచండి. మామూలు రోజుల్లో మధ్యాహ్నం నుంచే తెరుస్తారు, సోమవారం సెలవు. ఈ వేళలు తెలియక చాలామంది వచ్చి వెనుదిరుగుతారు. 91 మీటర్ల పొడవున్నా లోపల దారి ఇరుకు, గుండ్రటి తలుపుల్లోంచి వంగి దాటాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు ఎదురుగా ఉన్న టీయూ-142 నేవీ విమాన మ్యూజియం మేలు.

ఆర్కే బీచ్‌లో మాత్రం స్నానానికి దిగొద్దు. అలలు లోపలికి బలంగా లాగుతాయి.