ఊరు దాచుకున్న పెద్దలు: ఫాంటసీ లోకంలో పూర్వీకుల ఆత్మను కట్టే పద్ధతి

ఫాంటసీ కథ రాసేవాళ్లు, బల్ల చుట్టూ కూర్చుని పాత్రల ఆట నడిపించేవాళ్లు పూర్వీకుల ఆత్మ అనగానే తెల్లటి పొగ, గుహలోంచి వచ్చే గంభీరమైన గొంతు పెట్టేసి ఊరుకుంటారు. అలాంటి ఆత్మను ఏ ఊళ్లో పెట్టినా ఒకటే, తీసేసినా ఒకటే. ఒక ఊరు తరతరాలుగా దాచుకున్న ఆత్మకు తిండి పెట్టేవాళ్లుంటారు, మోసేవాళ్లుంటారు, దాని కథ పాడేవాళ్లుంటారు. ఏటా గాదెలోంచి కొంత ధాన్యం దానికోసం కదులుతుంది. ముందు ఆ ఖర్చు తేల్చండి. భయం, భక్తి, తగాదా వాటంతట అవే వస్తాయి.

నమూనాగా ఒక ఊరు కడదాం. పేరు తూముపాడు, 120 గడప, పక్కనే చెరువు. ఊరు దాచుకున్న పెద్ద నీలవ్వ. ఇవన్నీ కల్పితాలు. పద్ధతులు మాత్రం మన నేల మీద ఒకప్పుడు నడిచినవాటి నుంచి, ఇప్పటికీ నడుస్తున్నవాటి నుంచి తీసుకున్నవే.

ముందు చావు తేల్చండి

ముసలితనంలో మంచం మీద పోయినవాళ్లను ఇల్లు తలచుకుంటుంది. పెత్తరమాసకు బియ్యం ఇస్తారు, సంక్రాంతికి కొత్త బట్టలు పెడతారు, అంతటితో సరి. ఊరంతా కలిసి దాచుకోవాలంటే ఆ చావు ఊరికోసం జరిగి ఉండాలి, లేదా ఊరి తప్పు వల్ల జరిగి ఉండాలి. ఆవుల మందను మళ్లించుకుపోతున్న దొంగలకు ఎదురెళ్లి పడినవాడికి వీరగల్లు, అంటే అతని గుర్తుగా చెక్కిన రాయి, నిలబెట్టేవారు. అనంతపురం పక్కన బుక్కరాయసముద్రంలో చెరువుకట్ట తెగకుండా గండిలో ప్రాణం ఇచ్చిన ముసలమ్మ కథ ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఊరి తప్పు వల్ల జరిగిన చావు కథకు ఎక్కువ పనికొస్తుంది, ఎందుకంటే అందులో అప్పు ఉంది. నీలవ్వ చెరువు నీళ్లు వదిలే తూములో పోయింది. తనంతట తాను దిగిందా, దింపారా? ఈ ప్రశ్నకు మీ దగ్గర జవాబు రాసిపెట్టుకోండి. ఊరికి మాత్రం రెండు జవాబులు ఇవ్వండి: పండగనాడు బయటివాళ్లకు చెప్పేది ఒకటి, అరుగు మీద గొంతు తగ్గించి చెప్పుకునేది ఇంకొకటి.

ఒక ఊరికి ఒక ఆత్మ చాలు, మహా అయితే మూడు. పన్నెండుమందిని పెడితే చదివేవాడికి ఒక్కరూ గుర్తుండరు.

నెలవు

ఆత్మ ఎక్కడుంటుందో చేత్తో ముట్టుకునేలా ఉండాలి. తెలంగాణ ఊళ్ల నడిబొడ్డున పాతే బొడ్రాయి మంచి ఆధారం. ఊరికి బొడ్డు అది. ప్రతిష్ఠ పండగకు పెళ్లయి వెళ్లిన ఆడపడుచులంతా రావాలి, చాలాచోట్ల ఊరిదారులు కట్టేసి బయటివాళ్లను రానివ్వరు. కథకు ఆ ఒక్క ఆచారమే ఎంత సాయమో చూడండి. ఆరోజు ఊళ్లో ఇరుక్కున్న పరదేశి, రావాల్సి ఉండి రాని ఆడబిడ్డ, ఇద్దరూ చిక్కే.

వీరగల్లు పెడితే దాన్ని చదవడం తెలియాలి. చాలావాటిలో కింది నుంచి పైకి మూడు అరలుంటాయి: కింద పోరాటం, నడుమ అప్సరసలు వీరుణ్ణి మోసుకెళ్లడం, పైన శివలింగం ముందు కూర్చున్న వీరుడు. మీ లోకంలో పై అర మార్చేయండి. అక్కడ ఏముందో అదే ఆ జనం నమ్మే పరలోకం. ఒక పాత్ర ఆ రాయి ముందు నిలబడి మూడు అరలు చూస్తే చాలు, మూడు పేజీల పురాణం రాయక్కర్లేదు.

రాయే కావాలనీ లేదు. పల్నాడులో కారంపూడి వీరుల ఉత్సవాల్లో కొలుపు ఆయుధాలకు. కార్తీక అమావాస్యకు మొదలై అయిదు రోజులు, రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు అని రోజుకో పేరు. ఆయుధాలను తెచ్చి నాగులేరులో స్నానం చేయిస్తారు. మేడారంలో విగ్రహమే లేదు. సమ్మక్క కుంకుమభరిణె రూపంలో చిలకలగుట్ట దిగి గద్దెకు వస్తుంది, నాలుగో రోజు వనప్రవేశం. రెండేళ్లకోసారి, మాఘ పౌర్ణమి నాళ్లలో. అంటే దేవత ఎప్పుడూ ఇంట్లో ఉండదు. ఆత్మ ఏ రోజుల్లో నెలవులో ఉంటుంది, మిగతా రోజులు ఎక్కడుంటుంది అన్నది మీరూ క్యాలెండర్ మీద రాసుకోండి. లేని రోజుల్లో జరిగే కథే ఎక్కువ రుచి.

మన నీలవ్వకు తూము పక్కన మోకాలెత్తు రాయి. పెద్ద గుడి వద్దు. గుడి కట్టారంటే డబ్బున్నవాడెవడో దిగాడన్నమాట, అది ఇంకో కథ.

గింజల లెక్క

చాలామంది వదిలేసేది ఇదే, తీరా కథను నిలబెట్టేదీ ఇదే. తూముపాడులో రాయికి దీపం పెట్టే కుటుంబం ఒకటుంది, ఇంట్లో అయిదుగురు. గడపకు ఏడాదికి ఒక కుంచం ధాన్యం ఇవ్వాలని కట్టుబాటు. కుంచానికి నాలుగు మానికలు, అంటే 120 గడపకు 480 మానికలు. ఇంటికి రోజుకు రెండు మానికలు పడతాయనుకుంటే 240 రోజులు గడుస్తాయి. మిగతా 125 రోజులు, అంటే నాలుగు నెలలు, వాళ్లు కూలికి పోవాలి. ఆ నాలుగు నెలల్లో దీపం ఎవరు పెడుతున్నారు?

ఇప్పుడు 30 గడప వేరే దేవుణ్ణి నమ్ముకున్నారనో, పట్నం పోయారనో అనుకోండి. 90 కుంచాలు, 360 మానికలు, 180 రోజులు. సగం ఏడాది దీపం లేదు. ఆత్మ బలహీనపడటానికి శత్రు మాంత్రికుడు అక్కర్లేదు, గడపలు తగ్గితే చాలు. ఈ లెక్కను కథలో చూపించకండి. మీ నోటుపుస్తకంలో ఉంచండి. చదివేవాడికి కనిపించాల్సింది దీపంలో నూనె తగ్గడం మాత్రమే.

హద్దు

జాతరల్లో బలి ఇచ్చిన జంతువు నెత్తురు కలిపిన అన్నమో బియ్యమో ఊరి చుట్టూ చల్లుతారు. దాన్ని పొలి అంటారు. పొలి పడినంతవరకే అమ్మ కాపలా. మీ ఆత్మ శక్తికీ ఇలాంటి గీత గీయండి, దాన్ని మనిషి కాళ్లతో కొలవండి.

ఊరి నడుమ నుంచి కిలోమీటరు దూరంలో గీత గీస్తే చుట్టుకొలత ఆరు కిలోమీటర్ల పైచిలుకు. చీకట్లో గంప మోస్తూ చేలగట్ల మీద గంటకు మూడు కిలోమీటర్లు నడవగలరు, కాబట్టి రెండు గంటల పని. గీతను రెండు కిలోమీటర్లకు జరిపితే పన్నెండున్నర కిలోమీటర్లు, నాలుగు గంటలు దాటుతుంది. కోడి కూసేలోగా పూర్తవ్వాలని నియమం పెట్టారంటే గంప ఎత్తేవాళ్ల వయసు, వానాకాలపు బురద, ఆక్రమించిన గట్టు, అన్నీ ముప్పులే. ఎవడో ఒకడు కాలు నొప్పెట్టి అడ్డదారి తొక్కుతాడు. అక్కడ హద్దుకు సందు పడుతుంది. ఆ సందు ఎక్కడుందో చల్లినవాడికొక్కడికే తెలుసు, వాడు ఎవరికీ చెప్పడు.

పొరుగూరి గీతతో తాకేచోటు కూడా చూసుకోండి. రెండు ఊళ్ల పెద్దలు ఒకే చెరువులో వాటా అడిగితే ఏమవుతుందో ముందే అనుకుని ఉండాలి.

నోరు

అడిగినప్పుడల్లా పలికే ఆత్మ కథను చంపేస్తుంది. పాత్రలు కష్టపడటం మానేసి రాయి దగ్గరికి పరిగెడతాయి. నోటికి అరుదుతనం, షరతు రెండూ ఉండాలి. సికింద్రాబాద్ ఉజ్జయినీ మహంకాళి బోనాల్లో రంగం చూడండి: ఏడాదికి ఒక్క పూట, ఒక్క స్త్రీ, పచ్చి కుండ మీద నిలబడి భవిష్యవాణి చెబుతుంది. కాల్చని మట్టికుండ అది. ఆ కుండ ఒక్కటే చాలు, చూసేవాళ్ల ఊపిరి బిగబట్టించడానికి.

తూముపాడుకు ఏడాదికి మూడు ప్రశ్నలు, అడిగేది ఊరిపెద్ద, పలికేది దీపం పెట్టే ఇంటి కోడలు. ఆమె రాయి మీద తడిచేయి ఆనించి ఉన్నంతసేపే మాట. చేయి ఆరిందా, అయిపోయింది. అందుకే ఎండాకాలంలో అడగరు.

ఆత్మకు ఏం తెలుసో కూడా బిగించండి. ఆమెకు తను బతికున్న కాలం తెలుసు, తర్వాత తనకు ఎవరైనా చెప్పింది తెలుసు. అంతే. ఈ ఒక్క నియమం ఎంత పనిచేస్తుందో చూడండి:

"అవ్వా, ఈ ఏడు రెండో పంటకు నీళ్లు వదలమంటావా?"

"తూముకు ఎన్ని బెజ్జాలురా?"

"మూడవ్వా."

"నాకు తెలిసినవి రెండే. మూడోది ఎవడు పొడిచాడు?"

ఊరిపెద్ద మాట్లాడడు. ఆ మూడో బెజ్జం వాళ్ల తాత హయాంలో, వాళ్ల మడికే పడింది. అవ్వ భవిష్యత్తేమీ చెప్పలేదు. తనకు తెలిసిన చెరువుకూ ఎదురుగా ఉన్న చెరువుకూ తేడా అడిగింది. అడిగిన ప్రశ్నకు జవాబూ రాలేదు, ఒక ప్రశ్న ఖర్చయిపోయింది.

చనిపోయినవాళ్ల భాష గురించి ఒక మాట. అవ్వతో గ్రాంథికం మాట్లాడించాలని చేయి దురద పెడుతుంది. వద్దు. ఆమె ఊరి మనిషి. పాత కొలతలు, పాత చేల పేర్లు, ఇప్పుడెవరూ వేయని పంటల పేర్లు పెట్టండి, కాలం దానంతటదే కనిపిస్తుంది.

కొత్తవాళ్లు ఎలా లెక్కలోకి వస్తారు

ఆదిలాబాద్ జిల్లా కేస్లాపూర్ నాగోబా జాతరలో గోండుల మెస్రం వంశంవాళ్లు గోదావరిలోని హస్తినమడుగు నుంచి చెప్పుల్లేకుండా నడిచి నీళ్లు తెస్తారు. పుష్య అమావాస్య రాత్రి పూజ. వంశంలోకి వచ్చిన కొత్త కోడళ్లను అక్కడే దేవుడికి పరిచయం చేస్తారు, దాన్ని భేటింగ్ అంటారు. మీ లోకంలోనూ ఇలాంటి ద్వారం ఉండాలి. లేకపోతే ఆత్మ ఎవరిని కాపాడుతుంది, ఎవరిని పరాయివాళ్లుగా చూస్తుంది అన్నది మీకే గందరగోళమవుతుంది. పరిచయం కాకముందే చనిపోయిన కోడలు, దత్తత వచ్చిన బిడ్డ, ఊరు వదిలి ముప్పై ఏళ్లకు తిరిగొచ్చినవాడు, ఈ ముగ్గురికీ మీ నియమం ఏం చెబుతుందో పరీక్షించండి. ముగ్గురికీ ఒకే జవాబు వస్తే నియమం మరీ మొద్దుగా ఉన్నట్టే.

పాడేవాళ్లు

రాయి నెలవు మాత్రమే. జ్ఞాపకం పాడేవాళ్ల నోట్లో ఉంటుంది. మన దగ్గర పిచ్చుకగుంట్లవాళ్లు గోత్రాలూ వంశాలూ చెబుతారు, బైండ్లవాళ్లు జమిడిక వాయిస్తూ అమ్మవారి కథ పాడతారు, చేర్యాల బొమ్మల పటాలు పట్టుకుని కులపురాణం చెప్పేవాళ్లున్నారు. వీళ్లను మీ లోకంలో దీపం పెట్టే ఇంటి నుంచి వేరుచేసి పెట్టండి. ఒకళ్ల చేతిలో నెలవు, ఇంకొకళ్ల చేతిలో కథ. ఇద్దరికీ పడకపోతే ఆత్మ రెండుగా చీలుతుంది. రాయి దగ్గర కోపంగా, పాటలో శాంతంగా.

ఎక్కడ చెడుతుంది, ఎందుకు

పేరు తప్పు పాడటం. ఒక తరంలో నీలవ్వ, మూడు తరాలకు నీళ్లవ్వ, ఆ తర్వాత గంగమ్మ. పేరు మారేకొద్దీ మనిషి కరిగి పెద్ద దేవతలో కలిసిపోతుంది. శక్తి పెరుగుతుంది, ఊరి మీద ప్రత్యేకమైన ప్రేమ పోతుంది. ఇది చెడటమని ఊరికి తోచదు. గుడి కట్టేదీ, కొబ్బరికాయల కొట్టు వెలిసేదీ సరిగ్గా అప్పుడే.

రాయి కదపడం. శ్రీశైలం ప్రాజెక్టు ముంపులో కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని విప్పి అలంపురంలో తిరిగి కట్టారు. గుడిని అలా తరలించవచ్చు. పొలి గీత, తూము, చావు జరిగిన నేల మాత్రం నీళ్లకిందే ఉండిపోతాయి. మీ ఆత్మ రాయితో వస్తుందా, నేలతో ఉండిపోతుందా? రాయితో వస్తుందంటే కొత్తచోట ఆమెకు ఏమీ తెలియదు, పొద్దస్తమానం చెరువేదని అడుగుతుంది. నేలతో ఉండిపోతుందంటే ఊరు ఖాళీ రాయిని కొలుస్తోంది. రెండూ బాగుంటాయి, రెండూ కలపకండి.

అప్పు తీరిపోవడం. ఊరు నిజం ఒప్పుకుని దోషం తీర్చుకుంటే అవ్వ ఎందుకు ఉండాలి? చివర్లో అందరూ ఏడ్చి ఆత్మ శాంతించే ముగింపు రాసేముందు ఆ మర్నాడు తూము ఎవరు చూసుకుంటారో ఆలోచించండి.

ఆట నడిపించేవాళ్లకు చిన్న లెక్క. అవ్వ బలం 0 నుంచి 10. పండగ తప్పిన ప్రతి ఏడాదికీ 2 తీసేయండి, పాటలో తప్పు పడితే 1 తీసేయండి, పొలి పూర్తిగా తిరిగితే 1 కలపండి. ప్రశ్న అడిగినప్పుడు ఇరవై ముఖాల పాచిక వేయాలి. బలానికి 5 కలిపి, ఆ అంకెలోపు పడితే సూటి జవాబు. దాటితే తన కాలం సంగతేదో చెబుతుంది. 20 పడితే ఆమే ఎదురు ప్రశ్న వేస్తుంది, దానికి అబద్ధం చెప్పినవాడి గడప మీద కాపలా పోతుంది. నిండు బలంతో నూటికి 75 వంతులు సూటి జవాబు, బలం 4కు దిగితే 45 వంతులు. అయిదేళ్లు పండగ మానేస్తే సున్నా. అప్పుడు నూటికి 25 వంతులు మాత్రమే, పైగా ఆ జవాబు ఎవరిదో నమ్మకం లేదు.

సమ్మక్క, నాగోబా, కారంపూడి వీరులు ఇవాళ్టికీ జనం మొక్కే పేర్లు. వాళ్లను ఎత్తుకొచ్చి మీ లోకంలో రాక్షసులతో కొట్టించకండి. కుండ తీసుకోండి, గీత తీసుకోండి, భరిణె తీసుకోండి. పేరు మాత్రం మీ ఊళ్లో చనిపోయిన మనిషిదే పెట్టండి.